మనస్తత్వ శాస్త్రము: గురువు చేతినుండి శిష్యుని చేతికి

ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారును మనస్తత్వ శాస్త్రమును కొంతయైనను చదివినవారే. అవధానము, స్మృతి, అభ్యసనము, ప్రేరణ, మూర్తిమత్వము అను మాటలు బి.ఇడి. తరగతిలో వినని ఉపాధ్యాయుడు ఉండడు. కాని ఆ ఉపాధ్యాయుని యెదుట బల్లపై కూర్చున్న పదునేడేండ్ల విద్యార్థి మాట యేమి? పాఠము వినుచుండగా చెదరిపోవు అవధానము అతనిది. పరీక్షనాడు చేయిచ్చు జ్ఞాపకశక్తి అతనిది. భయము, ఉత్సాహము, తోడివారితో పోటీ, తనపై తనకు అనుమానము, ఇవన్నియు అతనివే. అయినను వీనిని గూర్చిన శాస్త్రము అతని పాఠ్యపుస్తకములలో చేరుటకు చిరకాలము పట్టెను.

మన దేశములో మనస్తత్వ శాస్త్రము పాఠశాల గడపను మొదట తొక్కినది విద్యార్థి కొరకు కాదు. విద్యార్థిని గూర్చి ఉపాధ్యాయుడు తెలిసికొనుటకు. తన్ను గూర్చి విద్యార్థియే చదువుకొనదగిన శాస్త్రముగా అది మారుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. ఆ మార్పు ఇంకను పూర్తి కాలేదు. అది యెట్లు జరిగెనో, యెచ్చట నిలిచిపోయెనో చూచుట ఈ వ్యాసము ఉద్దేశము.

ప్రయోగశాలలో పుట్టిన శాస్త్రము

మనస్సును గూర్చిన విచారణ కొత్తది కాదు. మన దర్శనములలోను, గ్రీకు తత్త్వవేత్తల గ్రంథములలోను అది విరివిగా కలదు. కాని ప్రయోగముచేత పరీక్షింపదగిన శాస్త్రముగా అది రూపొందినది పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున. 1879వ సంవత్సరమున జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయములో విల్హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలను ఈ శాస్త్రమునకు పుట్టినిల్లుగా చెప్పుట పరిపాటి.

విద్యార్థికి మిక్కిలి దగ్గరి ప్రయోగము మాత్రము మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు చేసెను. ఆయన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. మనము ఎంత వేగముగా మరచిపోవుచున్నామో కొలువవలెనని ఆయన సంకల్పము. పద్యమో కథయో కంఠస్థము చేసినచో దాని అర్థము జ్ఞాపకమునకు తోడ్పడును. అప్పుడు కొలత సరిగా రాదు. అందుచేత ఆయన అర్థము లేని అక్షరముల కూర్పులను సుమారు 2300 సిద్ధపరచుకొని, వానిని వరుసలుగా అమర్చి, తానే వల్లించి, తానే మరచి, తిరిగి తానే నేర్చుకొనుచు లెక్కలు వ్రాసికొనెను. గురువును ఆయనే, శిష్యుడును ఆయనే. ఆ ఫలితములు 1885లో గ్రంథరూపమున వెలువడెను.

ఆయన లెక్కించిన తీరు సులభమైనది. ఒక వరుసను మొదటిసారి నేర్చుటకు నూరు నిమిషములు పట్టెననుకొందము. కొంతకాలము గడచిన పిమ్మట తిరిగి నేర్చునప్పుడు ఎంత సమయము కలిసివచ్చునో, అంత మేరకు అది మనస్సులో నిలిచియున్నట్లు. ఎబ్బింగ్‌హాస్ గమనించినదేమనగా, 20 నిమిషములు గడచినంతనే ఈ ఆదా నూటికి 58కి తగ్గెను, గంటకు 44, ఒక దినమునకు 34, 31 దినములకు 21. అనగా మరపు మొదట మిక్కిలి వేగముగాను, తరువాత మెల్లగాను సాగును. మరియొక ఫలితము ఇంతకన్న ప్రయోజనకరమైనది. ఒక వరుసను ఒకేనాడు 68 మార్లు వల్లించిన యెడల కలుగు లాభము, మూడు దినములకు పంచి 38 మార్లు వల్లించినను కలుగుచున్నట్లు ఆయన కనుగొనెను. పరీక్షకు ముందురాత్రి దీపము ఆర్పక చదువు విద్యార్థికి ఇంతకన్న అక్కరకు వచ్చు వార్త ఏమున్నది? కాని ఈ వార్త అతనికి నేరుగా అందలేదు. అది మొదట ఉపాధ్యాయుల పుస్తకములలోనికి పోయెను.

ఉపాధ్యాయుని శాస్త్రము

బోధన మనస్తత్వముపై ఆధారపడవలెనను భావమును పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభముననే జర్మను తత్త్వవేత్త హెర్బార్ట్ ప్రచారము చేసెను. ఇంగ్లండులో జేమ్స్ సల్లీ 1886లో ఉపాధ్యాయుల కొరకే ఒక మనస్తత్వ గ్రంథమును ప్రకటించెను. అమెరికాలో విలియం జేమ్స్ 1892లో ఉపాధ్యాయులకు కొన్ని ఉపన్యాసము లిచ్చెను. అవి 1899లో పుస్తకముగా వచ్చినవి. మనస్తత్వ శాస్త్రమునుండి బోధనా పద్ధతులు నేరుగా ఊడిపడునని తలపవలదని జేమ్స్ ఆనాడే హెచ్చరించెను. ఆయన దృష్టిలో మనస్తత్వము ఒక శాస్త్రము, బోధన ఒక కళ. శాస్త్రము కళకు హద్దులు చూపగలదే గాని కళను పుట్టింపజాలదు.

ఈ గాలి మద్రాసు రాజధానికిని వీచెను. ఈ సందర్భమున తెలుగువారు గుర్తుంచుకొనదగిన సంఘటన ఒకటి కలదు. 1910లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోని ఒక యువ అధ్యాపకుని ఉపాధ్యాయ శిక్షణకై సైదాపేట శిక్షణ కళాశాలకు పంపిరి. తత్త్వశాస్త్రమున ఆయనకు గల ప్రవేశము చూచి, తోడి విద్యార్థులకు మనస్తత్వమును గూర్చి ఆయనచేతనే ఉపన్యాసములు ఇప్పించిరి. ఆ ఉపన్యాసములు 1912లో ‘ఎస్సెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ’ అను పేర పుస్తకమైనవి. ఆ యువకుడే సర్వేపల్లి రాధాకృష్ణన్. తరువాతి కాలమున ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడును, దేశమునకు రాష్ట్రపతియు నగుటయు, ఆయన పుట్టినదినము ఉపాధ్యాయ దినమగుటయు అందరెరిగినదే. ఆయన తొలినాటి రచనలలో మనస్తత్వ పుస్తకము ఒకటి ఉండుట మాత్రము అంతగా ప్రచారములో లేదు.

ఆ పుస్తకము ఎవరి కొరకు పుట్టెనో గమనింపవలెను. బడిపిల్లల కొరకు కాదు. వారికి పాఠము చెప్పబోవు వారి కొరకు. ఆ కాలపు ఇంటర్మీడియట్‌లో తర్కశాస్త్రమును ఐచ్ఛికముగా చదువు వీలుండెను. మనస్తత్వము మాత్రము బి.ఏ. తత్త్వశాస్త్రములో ఒక భాగముగాను, ఉపాధ్యాయ శిక్షణలో ఒక అంశముగాను ఉండెను. పిల్లవాని మనస్సు చదువబడు వస్తువేగాని, చదువు మనిషి ఆ పిల్లవాడు కాడు.

కొలబద్ద వచ్చుట

ఇంతలో ఉపాధ్యాయుని చేతికి ఒక కొలబద్ద వచ్చెను. పారిస్ నగరములో సాధారణ తరగతులలో వెనుకబడుచున్న బాలురకు ప్రత్యేక బోధన ఏర్పరచుటకై, అట్టివారిని గుర్తించు మార్గము కావలసివచ్చెను. ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనువారు 1905లో సులభమైన ప్రశ్నలనుండి కఠినమైన వానివరకు వరుసగా కూర్చి ఒక పరీక్షను తయారుచేసిరి. నేటి ప్రజ్ఞా పరీక్షలకు అదియే మూలము.

భారతదేశములో ఈ పరీక్షలను అనుకరించుటకు 1920 దశకముననే యత్నములు జరిగెను. లాహోరులో సి. హెర్బర్ట్ రైస్ హిందూస్తానీలో ఒక ప్రమాణమును తయారుచేసి 1929లో ప్రకటించెను. వి. వి. కామత్ కన్నడ, మరాఠీ భాషలు మాటలాడు బాలురకై బినే పరీక్షలను సవరించెను. ఒక దేశపు ప్రశ్నలను మరియొక దేశపు భాషలోనికి మార్చినంత మాత్రమున కొలత సరిపడదని ఈ పరిశోధకులు గ్రహించిరి. పారిస్ బాలునకు నిత్యము కనబడు వస్తువు ధార్వాడ బాలునకు కనబడకపోవచ్చును. అది తెలియకుండుట మందబుద్ధికి గుర్తు కాదు.

కొలబద్ద ఉపయోగమునకు వచ్చినట్లే అపాయమునకును వచ్చును. ప్రజ్ఞ జన్మతో వచ్చిన మార్పులేని పరిమాణమని తలచుటను బినే స్వయముగా నిరసించెను. తగిన శిక్షణచేత అవధానము, స్మృతి, వివేచన పెంపొందునని ఆయన 1909లో వ్రాసెను. అయినను ఆయన గతించిన తరువాత ఆ అంకెను బాలుని నుదుటి వ్రాతగా వాడినవారు పలువురు. తన్ను కొలుచు పద్ధతి ఎట్టిదో, దాని లోపములేవో బాలునకు తెలియనప్పుడు, ‘నీవు ఇంతే’ అన్నమాటకు అతడు ఏమి బదులు చెప్పగలడు? విద్యార్థి ఈ శాస్త్రమును తానే తెలిసికొనవలసిన అవసరమునకు ఇది బలమైన కారణము.

విశ్వవిద్యాలయములలో నిలదొక్కుకొనుట

ఉన్నత పాఠశాలకు రావలెనన్నచో శాస్త్రము ముందు విశ్వవిద్యాలయములో వేళ్లూనుకొనవలెను. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయములో ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్ర శాఖ ఏర్పడెను. దాని భారమును వహించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్త అమెరికాలోని హార్వర్డులో హ్యూగో మున్‌స్టర్‌బెర్గ్ వద్ద చదివినవాడు. మున్‌స్టర్‌బెర్గ్ లైప్‌జిగ్‌లో వుంట్ శిష్యుడు. ఇట్లు లైప్‌జిగ్‌లో వెలిగిన దీపము రెండు తరములలో కలకత్తా చేరినది. అచ్చటనే వైద్యుడైన గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను.

దక్షిణమున మైసూరులో 1924లో ఎం. వి. గోపాలస్వామి ఈ శాస్త్రమునకు ప్రయోగశాల నమర్చెను. ఆయన లండనులో స్పియర్‌మన్ వద్ద శిక్షణ పొందినవాడు. 1935లో తన ఇంటినుండి ఒక చిన్న రేడియో కేంద్రమును నడిపినవాడును ఈయనే; దానికి ‘ఆకాశవాణి’ అను పేరుండెను. మద్రాసు విశ్వవిద్యాలయములో 1943లో జి. డి. బోవాజ్ నాయకత్వమున మనస్తత్వ శాస్త్ర శాఖ ఏర్పడెను. ఆంధ్ర విశ్వవిద్యాలయములో 1967లో కోనేరు రామకృష్ణారావు మనస్తత్వ, అతీంద్రియ మనస్తత్వ శాస్త్రముల శాఖను నెలకొల్పెను. బోధకులు దొరకనిదే పాఠము లేదు గనుక, ఈ శాఖలే తరువాతి మార్పునకు పునాదులు.

ఉన్నత పాఠశాల గడపలో

మద్రాసులో మనస్తత్వ శాఖ ప్రారంభమైన నాటికి అచ్చటి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా ఉండినవారు డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. 1952లో భారత ప్రభుత్వము మాధ్యమిక విద్యా సంఘమును నియమించి, దానికి ఆయననే అధ్యక్షుని చేసెను. 1953లో వెలువడిన ఆ నివేదిక మాధ్యమిక విద్య అందరికిని ఒకే మూసలో ఉండరాదనియు, బాలబాలికల అభిరుచుల ననుసరించి ఏడు వర్గములుగా విభజింపవలెననియు సూచించెను: మానవీయ శాస్త్రములు, విజ్ఞాన శాస్త్రములు, సాంకేతిక విద్య, వాణిజ్యము, వ్యవసాయము, లలిత కళలు, గృహ విజ్ఞానము. మానవీయ శాస్త్రముల వర్గములో చరిత్ర, భూగోళము, అర్థశాస్త్ర పౌరశాస్త్రములతో పాటు ‘మనస్తత్వ, తర్కశాస్త్రముల మూలాంశములు’ అను విషయమును చేర్చిరి.

పాఠశాల విద్యార్థి యెదుటకు ఈ శాస్త్రమును తెచ్చుటకు జాతీయ స్థాయిలో చేసిన ముఖ్యమైన సూచన యిది. అది తర్కముతో జంటగా వచ్చుట గమనింపదగినది. తత్త్వశాస్త్రపు ఇంటినుండి ఇంకను వేరు కాపురము పెట్టలేదన్నమాట. అదే నివేదిక ప్రతి విద్యార్థికిని తగిన మార్గదర్శనము అవసరమనియు చెప్పెను. ఒక చేత విద్యార్థికి పుస్తకము, మరియొక చేత ఉపాధ్యాయునికి పరీక్షాపత్రము: రెండింటిని ఒకేసారి అందించిన నివేదిక యిది.

ఆ సూచన ననుసరించి బహుళార్థసాధక పాఠశాలలు దేశమంతటను, ఆంధ్రదేశమునను వెలసినవి. కాని తగిన బోధకులు, పరికరములు చాలలేదు. ఎనిమిదవ తరగతి దాటగనే జీవిత మార్గమును నిర్ణయించుకొనుట పిల్లలకు భారమయ్యెను. 1964-66లో డి. ఎస్. కొఠారి అధ్యక్షతన పనిచేసిన విద్యా సంఘము ఈ లోపమును గుర్తించి, పదవ తరగతివరకు అందరికిని సామాన్య విద్యయు, అటుపై రెండేండ్లు ఎన్నుకొనిన విషయములును ఉండవలెనని చెప్పెను. ఆ రెండేండ్లకు ఎన్నుకొనదగిన విషయముల పట్టికలో తర్కశాస్త్రము, మనస్తత్వ శాస్త్రము, సమాజ శాస్త్రము వేర్వేరుగా నిలిచినవి. పదమూడేండ్లలో మనస్తత్వము తర్కమునుండి విడివడి తన పేర తాను నిలబడినది.

ఆంధ్రప్రదేశములో 1969-70 నుండి రెండేండ్ల ఇంటర్మీడియట్ ప్రారంభమయ్యెను. 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడెను. కేంద్రీయ మాధ్యమిక విద్యా బోర్డు పాఠశాలలలో 1970 దశకపు ఉత్తరార్ధమున 10+2 పద్ధతి అమలులోనికి వచ్చినది. 1961లో స్థాపింపబడిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ సంస్థ పదునొకండు, పండ్రెండు తరగతుల విద్యార్థులకై మనస్తత్వ పాఠ్యపుస్తకములను తయారుచేయుచు వచ్చినది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక ననుసరించి 2006, 2007 సంవత్సరములలో కొత్త పుస్తకములు వెలువడెను. వానిలో ఇంద్రియ ప్రత్యక్షము, అభ్యసనము, స్మృతి, ఆలోచన, ప్రేరణ, ఉద్వేగములు ఒక యేడును; ప్రజ్ఞ, మూర్తిమత్వము, జీవిత సమస్యల నెదుర్కొనుట, మానసిక రుగ్మతలు, చికిత్సా విధానములు, సాంఘిక ప్రభావములు మరుయేడును పాఠ్యాంశములు.

చదువుటకును చేయుటకును గల భేదము

ఈ పుస్తకములు వచ్చినంత మాత్రమున కథ సుఖాంతమైనదని అనుకొనరాదు. మనస్తత్వమును గూడ రసాయన సూత్రములవలె వల్లించి వ్రాయవచ్చును. స్మృతిని గూర్చిన పాఠమును అర్థము కాకుండ కంఠస్థము చేసిన విద్యార్థికి మించిన విచిత్రము మరొకటి లేదు. అందుచేతనే కేంద్రీయ బోర్డు ఈ విషయమునకు ప్రాయోగిక పరీక్ష నేర్పరచి 30 మార్కులు కేటాయించినది.

ప్రయోగమునకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఎబ్బింగ్‌హాస్ చేసిన దానిని ఏ తరగతిలోనైనను చేయవచ్చును. ‘గొమ, టిపె, శుల, డేకు’ అను విధమున అర్థము లేని జంటలను పండ్రెండింటిని నల్లబల్లపై వ్రాసి, విద్యార్థులు తప్పులేక చెప్పువరకు ఎన్ని మార్లు చదివిరో లెక్కింపుడు. మరునాడు తిరిగి నేర్చుటకు ఎన్ని మార్లు పట్టెనో చూడుడు. తరువాత అన్నే అక్షరములు గల ఒక పద్యపాదముతో అదే పని చేయుడు. భేదము పిల్లలకే తెలియును. యతి, ప్రాస, గణముల నడక, అర్థము, ఇవన్నియు జ్ఞాపకమునకు ఊతకోలలు. ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ అవధాని తాను చెప్పిన పద్యములను తుదకు ధారణ చేయుట తెలుగువారికి తెలిసిన వింత. దానిని దైవదత్తమని నమస్కరించి ఊరకుండక, ఛందస్సు అతనికి ఎట్లు తోడ్పడెను, అడ్డంకుల మధ్య అవధానమును ఎట్లు నిలుపుకొనెను అని ప్రశ్నించుటయే మనస్తత్వ శాస్త్రమునకు తొలిమెట్టు. ఆ కళకు పెట్టిన పేరే మనకు ఈ శాస్త్రపు పారిభాషిక పదమైనది.

ఉపాధ్యాయులు రెండు జాగ్రత్తలు పాటింపవలెను. ప్రజ్ఞా పరీక్షగాని మూర్తిమత్వ పరీక్షగాని చేయించినప్పుడు, ఒకరి ఫలితమును పదిమందిలో చదువరాదు. అది అభ్యాసముకొరకేగాని తీర్పుకొరకు కాదు. రెండవది, మానసిక రుగ్మతల పాఠము చదువునప్పుడు ప్రతి లక్షణమును తనయందే ఉన్నట్లు తోచుట సహజము. వైద్య విద్యార్థులకును ఈ భ్రమ కలుగుట ప్రసిద్ధము. పాఠము చికిత్స కాదనియు, నిజముగా బాధ కలిగినచో అడుగుటకు నిపుణులున్నారనియు మొదటిదినముననే చెప్పవలెను.

ఇప్పటి అవసరము

2025 జూలైలో సుప్రీం కోర్టు ఒక ముఖ్యమైన తీర్పు నిచ్చెను. విశాఖపట్నములో ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమది. విద్యార్థుల మానసిక ఆరోగ్యమునకై దేశమంతటికిని వర్తించు మార్గదర్శకములను న్యాయస్థానము అందు ప్రకటించెను. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హత గల సలహాదారునో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో ఒకరినైనను నియమింపవలెనని వానిలో ఒకటి.

ఈ యేర్పాటు మిక్కిలి అవసరము. కాని ఇచ్చటను మనస్సును గూర్చిన జ్ఞానము మరియొకరి చేతిలోనే ఉన్నది. తనకేమి జరుగుచున్నదో చెప్పుటకు తగిన మాటలే లేని విద్యార్థి నిపుణుని గది తలుపు తట్టునా? ‘నాకు చదువు రాదు’ అనుటకును ‘నాకు నిద్ర చాలక అవధానము నిలుచుటలేదు’ అనుటకును ఎంత దూరమున్నదో తరగతి గదిలో నిలిచిన ప్రతి ఉపాధ్యాయుడును ఎరుగును. మొదటిది తన్ను గూర్చిన తీర్పు; రెండవది పరిష్కారము వెదకదగిన సమస్య. ఆ దూరమును దాటించునది ఈ శాస్త్రమిచ్చు పదజాలమును, పరిశీలించు అలవాటును.

మన తల్లిదండ్రులలో అధికులు గణితము, జీవశాస్త్రముల వర్గములవైపే మొగ్గుచున్నారు. దానిని ఒక్కనాటిలో మార్చుట సాధ్యము కాదు, మార్చనక్కరయు లేదు. 2020 నాటి జాతీయ విద్యా విధానము మానవీయ శాస్త్రములకును విజ్ఞాన శాస్త్రములకును మధ్య కఠినమైన గోడలుండరాదని చెప్పినది. గణితము చదువు విద్యార్థియు మనస్తత్వమును ఒక విషయముగా చదువుకొను వీలు కలిగినపుడే ఆ మాట సార్థకమగును. అంతవరకు, తన శిక్షణ కాలమున చదివిన పుస్తకమును ఉపాధ్యాయుడు వారమునకొక అరగంట తెరచి విద్యార్థుల యెదుట ఉంచుటకు ఎవరి యుత్తరువును అక్కరలేదు.

రాధాకృష్ణన్ సైదాపేటలో తోడి విద్యార్థులకు చెప్పిన పాఠములు ఉపాధ్యాయులు కాబోవువారి కొరకు చెప్పినవి. ఆ గదిలో నేర్చినది ఇప్పుడు ప్రక్కగదిలోని పిల్లల వంతు.